కత్తెర నోరు కట్టేసిన ఆకు

పరిశోధనశాల గేటుకి ఎదురుగా ఉన్న టీకొట్టులో సాయంత్రం నాలుగింటికి బెంచీల మీద చోటు దొరకలేదంటే రెండే కారణాలు. ఒకటి వాన, రెండోది సీసాలాయన. వానొస్తే జనం తల దాచుకోవడానికి వస్తారు, సీసాలాయన కోసమైతే పనులు ఎగ్గొట్టి మరీ వస్తారు. ఆయన గేటు దగ్గర కనబడగానే టీకొట్టు పిన్ని పెద్ద గిన్నె పొయ్యి మీదికి ఎక్కించేస్తుంది. ఆయన కోతలు మొదలుపెట్టాక ఒక్క టీతో లేచే మొనగాడు ఇంతవరకూ పుట్టలేదని ఆవిడకి తెలుసు.

ఆ పరిశోధనశాలలో గాజుసామాను కడగడం సీసాలాయన ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. లోపల చదువుకున్నవాళ్ళు మురికి చేసిన సీసాలూ గొట్టాలూ గరాటులూ సాయంత్రానికల్లా తళతళలాడించి బోర్లిస్తాడు. చెయ్యి మంచిది, మనసు మంచిది, వచ్చిన చిక్కల్లా నోటితోనే. గేటు లోపల ఉన్నంతసేపూ ఆ నోరు “అలాగేనండి” తప్ప ఇంకో ముక్క పలకదు. గేటు దాటిందా, ఇక పరిశోధనశాల మొత్తం ఆయన చేతుల మీదుగానే నడుస్తుంది.

ఆ పరిశోధనశాలలో ఫ్రిజ్జులూ ఏసీలూ బాగుచేసే మెకానిక్కుకి ఆయన సొంత బావ, అక్క మొగుడు. బావ కోతలంటే మెకానిక్కుకి చెప్పలేనంత ఇష్టం. చిన్నప్పట్నుంచీ వింటున్నా విసుగెత్తలేదు. పైగా అక్క పెళ్ళైన కొత్తల్లోనే ఒట్టు వేయించుకుంది. “ఒరేయ్, నలుగురిలో మీ బావ మాట తీసెయ్యకురా. ఇంట్లో నేను ఎలాగూ తీసేస్తూనే ఉన్నాను. బయటైనా ఆయన్ని బతకనీ” అంది. ఆ మాట మీద మెకానిక్కు ఇన్నేళ్ళూ నిలబడ్డాడు. ఆ మాటే ఈవేళ పీకల మీదికొచ్చింది.

ఎలాగంటే, మెకానిక్కు కొట్టుకొచ్చేసరికి బావ ఇంకా రాలేదు. కొట్టు పందిరి కింద ఓ మూలన కుట్టుమిషను వేసుకుని కూర్చునే దర్జీ మావయ్య పిలిచాడు. వరసకి ఆయన ఎవరికీ మావయ్య కాడు, వయసుని బట్టి అందరికీ మావయ్యే.

“అబ్బాయ్, ఈ సూదిలో కాస్త దారం ఎక్కించి పెట్టు.”

మెకానిక్కు ఆయన మొహంలోకి చూశాడు. కరెంటు పోయినా చెయ్యి ఆపకుండా కుట్టే మనిషి. దారం ఎక్కించి ఇచ్చేలోగా మావయ్య చెంబెడు నీళ్ళు గటగటా తాగేసి, “అమ్మా, ఇంకో చెంబు” అన్నాడు పిన్నితో.

“ఇది నాలుగోది” అంది పిన్ని చెంబు నింపుతూ. “పొద్దున్నించీ ఇదే వరస. అంత దాహమేంటో అడిగితే ఎండలంటాడు. ఎండెక్కడుంది?”

మిషను బల్ల మీద దారపుకండెల మధ్య ఓ చిన్న సీసా ఉంది. అందులో చిక్కటి ఆకుపచ్చ పసరు.

“ఇదేంటి మావయ్యా?”

“ఇంకేంటి, మీ బావ ఆకు. పరిశోధనశాల వెనక గోడ మీద పాకుతుందే ఆ తీగది. పదకొండు రోజుల కిందట ఇక్కడే కూర్చుని చెప్పాడు కదా. మర్నాటి నుంచీ పరగడుపున ఓ గుటక వేస్తున్నాను. మాత్రలు మొదట సగం చేశాను, ఈ వారం అసలు వేసుకోలేదు.” మావయ్య జేబులోంచి మాత్రల అట్ట తీసి చూపించాడు. ఒక్క మాత్రా తియ్యలేదు. “ఇంట్లో మీ అత్తయ్యకి చెప్పలేదు. ఇవాళ మీ బావని ఒక్క మాట అడిగేసి ఇవి అవతల పారేద్దామనుకుంటున్నాను. ఎనిమిదేళ్ళుగా మింగుతున్నానయ్యా. చేదెక్కిపోయాను.”

షుగరున్నవాడికి కళ్ళు మసకబారడం, గొంతు ఎండిపోవడం అంటే ఏమిటో మెకానిక్కుకి తెలుసు, వాళ్ళ నాన్న అలాగే మంచాన పడ్డాడు. ఆ ఆకు సంగతి కూడా తెలుసు. ఈ టీకొట్టులో ఆ సంగతి తెలిసింది ఆయనొక్కడికే, ఆఖరికి బావకి కూడా తెలియదు. అదంతా నలుగురిలో విప్పితే బావ పరువు పోతుంది, తన అబద్ధమూ బయటపడుతుంది. బావని పక్కకి పిలిచి చెబుదామనుకుని లేచేలోగా రోడ్డవతల గేటు కిర్రుమంది.

“వచ్చాడ్రోయ్!” అన్నాడు ఎవరో. బెంచీలు సర్దుకున్నాయి.

“బావా, ఒక్కసారి ఇలా రా, నీతో మాట” అన్నాడు మెకానిక్కు ఎదురెళ్ళి.

“మాటెక్కడికి పోతుందిరా బామ్మర్దీ, ముందు టీ తాగనీ” అని బావ ఆయన భుజం తట్టి తన మామూలు చోట కూర్చున్నాడు. పిన్ని గ్లాసు అందించింది. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూశాడంటే ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

“ఆకు సంగతి మొన్న సగమే చెప్పాను కదూ?”

“సగమా! అంతా అయిపోయిందనుకున్నామే” అంది పిన్ని.

“అయిపోవడమేంటి పిన్నీ, మొన్న చెప్పింది తోక. ఇవాళ పులి మొత్తం చెబుతాను. కొత్తవాళ్ళున్నారు కాబట్టి మొదట్నుంచీ వస్తాను. వినండి. మనం తిన్న అన్నమో రొట్టో ఏదైనా సరే, పేగుల్లోకి వెళ్ళాక అక్కడో కత్తెర ఉంటుంది. మన దర్జీ మావయ్య కత్తెరలాంటిదే, కంటికి కనబడదు. తానులకి తానులు పిండిపదార్థాన్ని కసకసా కోసి చక్కెర ముక్కలు చేసేస్తుంది. ఆ కత్తెరనే మేం ఎంజైమంటాం. షుగరున్నవాడికి ఈ కత్తెర జోరు తగ్గించాలి. అందుకని లోకంలో ఉన్న ఆకూ అలమూ బెరడూ తొక్కా తెచ్చి, దంచి, వడగట్టి, వాటిలో ఏ రసం ఆ కత్తెర నోట్లో అడ్డం పడుతుందా అని మా పైఅంతస్తులో రీసెర్చి చేసే అమ్మాయి నాలుగేళ్ళుగా చూస్తోంది. పరీక్ష చాలా తేలిక. గొట్టంలో కత్తెర మందు పొయ్యాలి, కొయ్యడానికి సరుకు పొయ్యాలి. కత్తెర కోసిందా, నీళ్ళు పసుపురంగు తిరుగుతాయి. కొయ్యలేకపోయిందా, నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. అంతే. పసుపొస్తే ఆకు ఓడినట్టు, రాకపోతే గెలిచినట్టు.”

“ఆ కత్తెర మందు అంగట్లో దొరుకుతుందా?” అని అడిగాడు బెంచీ చివర కూర్చున్న ఆటో డ్రైవరు.

“అంగట్లోనా! చిటికెడు డబ్బా సముద్రాలు దాటి మంచుపెట్టెలో వస్తుంది. అసలు ఎంజైమంటే ఏమనుకున్నావు, రాణిగారి దాసీ అనుకున్నావా? రాణిగారే! ఫ్రీజర్లో గడ్డకట్టే చలిలో ఉంచాలి. ఒక్క పూట బయట పెట్టావా, అలిగి చచ్చి ఊరుకుంటుంది. దాన్ని నేను పసిపిల్లలా చూసుకుంటాను.”

మెకానిక్కుకి టీ మింగబోతుంటే పొలమారింది.

“మెల్లిగా తాగరా. సరే, ఆ మంగళవారం ఆ అమ్మాయి భోజనానికి కిందికెళ్ళింది. నూట పన్నెండు ఆకులు ఓడిపోయాయని దిగులు దానికి. పాపం చూడలేకపోయాను. నాకేమో వెనక గోడ మీది తీగ కళ్ళలో మెదులుతోంది. దాన్ని మేక కూడా ముట్టదు, పురుగు కూడా ముట్టదు. ఎందుకు ముట్టదు? అందులో ఏదో ఉండబట్టే కదా! నాలుగాకులు కోశాను, నలిపాను, వడగట్టాను. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నానుగా, ఏది ఎంత పొయ్యాలో చెయ్యే చెబుతుంది. ఒకే ఒక్క గొట్టం. కత్తెర మందు, ఆకురసం, సరుకు. పోసి గడియారం చూసుకున్నాను. అయిదు నిమిషాలు. పది. ఇరవై. పసుపు రాలేదు! నేను కడిగిన గొట్టంలో నేను పట్టిన నీళ్ళెలా ఉంటాయో అలా ఉంది. ఒళ్ళు జల్లుమంది.”

ఈ ఒక్కటీ చెప్పేటప్పుడు బావ గొంతు మామూలుగా ఉంది. చేతులు గాలిలోకి లేవలేదు. మెకానిక్కుకి అదే బాధ. తను జీవితంలో కోసిన కోతలన్నిట్లోనూ ఇదొక్కటే నిజమని బావ నమ్మాడు. మిగతావి జనం కోసం చెబుతాడు, ఇది మాత్రం తనకి తానే చెప్పుకుంటున్నాడు.

ఆ నిజం మీద బావ ఎంతోసేపు నిలబడలేదు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? గొట్టాన్ని స్టాండులో పెట్టాను. పక్కన వేరేవాళ్ళ గొట్టాలు పదహారు, నిమ్మపండ్లలా పచ్చగా ఉన్నాయి. నేను చూస్తుండగానే ఒక్కొక్కటీ వెలిసిపోవడం మొదలెట్టాయి! రసం తగల్లేదు, చుక్క పడలేదు. వట్టి వాసనకే! కోసిన ముక్కల్ని కత్తెర మళ్ళీ అతికించి పెట్టేసిందన్నమాట, భయానికి.”

“భయానికా!” అన్నాడు ఆటో డ్రైవరు.

“భయం కాకపోతే భక్తి అనుకో. ఇదింకా ఏం విన్నావు! పక్కగదిలో గుమాస్తా గారు ఆపిల్ కోసుకుని తినబోతూ ఫోనొస్తే అలాగే పెట్టేసి వెళ్ళాడు. కోసిన ఆపిల్ కాసేపటికి ఎర్రబడుతుందా లేదా? అదీ ఎంజైము పనే. ఆయన తిరిగొచ్చింది మూడు రోజులకి. ఆపిల్ అప్పుడే కోసినట్టు మిలమిలలాడుతోంది. ఆయనకేమో తను వెళ్ళి ఎంతసేపయిందో అర్థం కాక క్యాలెండరు చింపి చూసుకున్నాడు.”

జనం నవ్వారు. మెకానిక్కు నవ్వలేకపోయాడు. దర్జీ మావయ్య కూడా నవ్వడం లేదు. మిషను ఆపి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్ష ఫలితాలు వినేవాడిలా వింటున్నాడు. మధ్యలో చెంబెత్తి నీళ్ళు తాగాడు.

“బావా,” అన్నాడు మెకానిక్కు, “ఆకుని ఇంకెవరైనా పరీక్ష చేశారా అసలు?”

“చెయ్యడానికి వీలుంటే కదరా! వాసన రోడ్డు దాటేసింది అప్పటికే. ఆ చివర బేకరీ ఉందా? ఆవేళ పొద్దున పిండి కలిపి పెట్టాడు, మధ్యాహ్నానికి పొంగాలి. పొంగదే! ఈస్టు మూతి ముడుచుకు కూర్చుంది. గత్యంతరం లేక అలాగే పొయ్యిలో పెడితే రొట్టెలు బండల్లా వచ్చాయి. కొరికినవాడి పన్ను ఊడింది కాని రొట్టె ఊడలేదు. చివరికి మా ఆఫీసువాళ్ళే తీసుకెళ్ళి వరండాలో పరిపించారు. ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాం.”

“వానొస్తే నానవూ?” అంది పిన్ని.

“నానడానికి కూడా ఏదో ఒకటి కరగాలి కదా పిన్నీ! అక్కడ కరిగేవేవీ కరగడం లేదు. మా డైరెక్టరు గారు మంగళవారం మధ్యాహ్నం బఠాణీల అన్నం తిన్నారు. శుక్రవారానికి కూడా ఆకలి లేదు. భయపడి ఎక్స్‌రే తీయించారు. కడుపులో బఠాణీలు వరసగా, ఒక్కటీ నలక్కుండా, నలభై మూడు! నేనే లెక్కపెట్టాను. ఒకటి రెండుసార్లు లెక్కలోకి వచ్చిందన్నారు కాని, కాదు, నలభై మూడే.”

“మరి ఊళ్ళో మిగతావాళ్ళ కడుపుల మాటేంటి?” అన్నాడు ఆటో డ్రైవరు.

“అందరిదీ అదే గతి! ఎవరింట్లోనూ పొయ్యి వెలిగించలేదు, ఎవరూ తినలేదు. ఆ వారం మా ఆవిడ నాతో ఒక్కసారి కూడా పోట్లాడలేదంటే అర్థం చేసుకో, వంట లేకపోతే పోట్లాటకి సందేది? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ రోజుల్లో మిణుగురులు ఆరిపోయాయి. ఉతుకుడు పౌడరులో ఎంజైములు చచ్చి చొక్కాల మరకలు పోవడం మానేశాయి, సరే, అదొక ఎత్తు. దోమల సంగతి వినాలి మీరు. దోమ కుట్టి రక్తం తాగుతుందా? అరిగితే కదా! కడుపుబ్బి, ఎగరలేక, పాపం రాత్రంతా గోడ మీద కూర్చుని మూలిగాయి. తెల్లారేసరికి వరసగా వచ్చి, ఎక్కడ కుట్టాయో సరిగ్గా అక్కడే కుట్టి, ఎవరి రక్తం వాళ్ళకి తిరిగిచ్చేసి వెళ్ళాయి!”

బెంచీలు ఊగిపోయాయి. ఆటో డ్రైవరు టీ ఒలకబోసుకున్నాడు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఒకళ్ళది ఒకళ్ళకి మారిపోలేదూ?” అంది ఊపిరి తీసుకుని.

“మా పక్కింటాయన రక్తం పొరపాటున నాకొచ్చింది. అప్పట్నుంచీ చూడు, నాకు పాట వస్తోంది.”

నవ్వు ఇంకా అణగలేదు. అప్పుడు దర్జీ మావయ్య లేచి నిలబడ్డాడు. నిలబడేటప్పుడు మిషను పట్టుకున్నాడు. కళ్ళు ఒకసారి గట్టిగా మూసి తెరిచాడు.

“అల్లుడూ, దోమల సంగతి ఉండనీ. నాకొకటి చెప్పు. పది రోజులుగా ఆ ఆకు పసరు తాగుతున్నాను. మాత్రలు ఇక మానెయ్యొచ్చా?”

కొట్టులో నవ్వు సద్దుమణిగింది. మావయ్య చేతిలో మాత్రల అట్ట, మిషను మీద పసరు సీసా బావ అప్పుడే చూశాడు. ఆ కళ్ళలో భయం ఒక్క క్షణం కదలడం మెకానిక్కు చూశాడు. ‘వద్దని చెప్పు బావా, ఆ ఒక్క మాటా చెప్పు చాలు’ అనుకున్నాడు మనసులో. కాని బెంచీల మీద ఇరవై మంది నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఇన్ని బఠాణీలూ ఇన్ని దోమలూ అయ్యాక వెనక్కి తగ్గడం బావకి అలవాటు లేదు.

“మాత్రలా!” అన్నాడు బావ. గొంతు మామూలుకన్నా ఒక మెట్టు పైన ఉంది. “దోమనే ఆపిన ఆకు మావయ్యా, నీ పేగుని ఆపదా? ఒక్క గుటకకి ఆరు నెలలు ఢోకా లేదు. పిన్ని పొయ్యిలో వేసెయ్యి వాటిని!”

మావయ్య మొహం విప్పారింది. ఆయన పొయ్యి వైపు రెండడుగులు వేశాడు.

“బావా,” అన్నాడు మెకానిక్కు, “ఆ సోమవారం నీ కోటుకి ఇస్త్రీ బాగా కుదిరిందా?”

ప్రశ్న ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఎవరికీ అర్థం కాలేదు. మావయ్య ఆగాడు. బావ తల తిప్పాడు.

“ఇస్త్రీ ఏంట్రా మధ్యలో?”

“పెద్దలెవరో చూడ్డానికొస్తారని సోమవారానికి అందరూ కోట్లు ఇస్త్రీ చేసుకు రమ్మన్నారు కదా. నువ్వు శుక్రవారం సాయంత్రం అక్కడే చేసుకున్నావు. ఇంట్లోంచి ఇస్త్రీపెట్టె తీసుకెళ్ళావు. పిడికి నల్లటేపు చుట్టింది నేనే, నాకు తెలియదా? ఆ గదిలో ఉన్నది ఫ్రీజరు సాకెట్టు ఒకటే. ఆ ప్లగ్గు పీకి ఇస్త్రీపెట్టెది పెట్టావు. పని కాగానే స్విచ్చి ఆపేశావు, అంతవరకూ బుద్ధిమంతుడివే. ఫ్రీజరు ప్లగ్గు మాత్రం కింద పడే ఉంది. శనివారం, ఆదివారం సెలవు. సోమవారం పొద్దున ఫ్రీజరు చల్లబడటం లేదని నన్ను పిలిపించారు. నేను వెళ్ళేసరికి తలుపు కింద నీళ్ళ మడుగు, పక్కనే నీ ఇస్త్రీపెట్టె. ప్లగ్గు పెట్టాను, తిరగడం మొదలెట్టింది. అంతే రిపేరు.”

బావ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. అది సరిగ్గా ఆనక ఒరిగింది, పిన్ని పట్టుకుంది.

“నువ్వు మాట పడతావని ఆఫీసులో అబద్ధం చెప్పాను. కంప్రెసరు మొరాయించింది, సరిచేశానన్నాను. సాయంత్రానికి మళ్ళీ అంతా గడ్డకట్టింది, చూడ్డానికి మామూలుగానే ఉంది. అందులోదే నువ్వు మంగళవారం గొట్టంలో పోశావు. బుధవారం ఆ అమ్మాయి అదే డబ్బా పెట్టి చేసింది. ఆకు వేసినా పసుపు రాలేదు, వెయ్యకపోయినా రాలేదు. డబ్బా చచ్చిపోయిందని పారేసింది. తన చేతిలోనే ఏదో పొరపాటు జరిగిందనుకుని ఏడ్చింది. గురువారం నేను ఏసీ చూడ్డానికెళ్తే ఇదంతా చెప్పుకుని, ‘ఫ్రీజరు బాగానే ఉందా అండీ’ అని నన్నే అడిగింది. బాగానే ఉందమ్మా అన్నాను. అది నా రెండో అబద్ధం.”

మెకానిక్కుకి అక్క మొహం కళ్ళముందు మెదిలింది. ‘బతకనీమన్నావు కదే. ఇక్కడ మావయ్య కూడా బతకాలి’ అనుకున్నాడు.

మొట్టమొదట తేరుకుంది పిన్నే. “నేను కొత్త టీపొడి కొంటే పాతది ఓ గిన్నెలో, కొత్తది ఓ గిన్నెలో పక్కపక్కన కాచి చూస్తాను. ఇరవై రెండేళ్ళున్నావే లోపల, ఆకు వెయ్యని గొట్టం ఒకటి పక్కన పెట్టుకోవాలని తోచలేదూ? అంటే ఇంతసేపూ చచ్చిన పాముని కొట్టావన్నమాట!”

ఆటో డ్రైవరు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు బెంచీ నుంచి బెంచీకి పాకింది. “దోమలు కూడా ముందే చచ్చాయా ఏంటి?” అన్నాడొకడు. “బఠాణీలు ప్లాస్టిక్కువేమో!” అన్నాడు ఇంకొకడు. బావ నవ్వలేదు. తల దించుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. రోజంతా నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడ్డ చేతులు. ఆ ఒక్క గొట్టం నిజమనుకున్నాడు ఆయన.

నవ్వని మనిషి ఇంకొకడున్నాడు. దర్జీ మావయ్య పొయ్యి దగ్గరే నిలబడి మాత్రల అట్ట అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

“సరే అల్లుడూ,” అన్నాడు చివరికి, నెమ్మదిగా. “నీ గొట్టంలో కత్తెర ముందే చచ్చింది. మరి నా కడుపులో కత్తెర బతికే ఉంది కదయ్యా? పది రోజులుగా కోస్తూనే ఉందన్నమాట.”

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

బావ లేచాడు. మావయ్య దగ్గరికెళ్ళి మిషను మీది పసరు సీసా తీసి కాలవలో ఒంపేశాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు, సీసాని పిన్ని కుళాయి కింద రెండుసార్లు కడిగి బోర్లించాడు కూడా. “తప్పయిపోయింది మావయ్యా” అన్నాడు. “పసుపు రాలేదన్నది నిజం. మిగతాదంతా నేను కోసింది. నువ్వు తాగుతావని కలలో కూడా అనుకోలేదు. తెలిశాక కూడా నోరు ఆగలేదు, అదీ నా తప్పు. పద, ఆస్పత్రికి వెళ్దాం. మాత్రలు ఎన్ని వేసుకోవాలో, ఎలా మొదలెట్టాలో వాళ్ళే చెప్తారు. సొంత వైద్యం చాలు.”

“మీ అత్తయ్యకి తెలిస్తే నన్ను ఉతికి ఆరేస్తుంది” అన్నాడు మావయ్య.

“ముందు నన్ను ఉతుకుతుందిలే. నా వంతయ్యేసరికి ఆవిడకి ఓపిక ఉండదు.”

మెకానిక్కు కూడా లేచాడు. “రేపు పొద్దున ఆ అమ్మాయి దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్ళాలి బావా. ప్లగ్గు నీది, అబద్ధం నాది.”

బావ తలూపాడు. బామ్మర్ది మొహంలోకి సూటిగా చూడలేదు గాని, వెళ్తూ వెళ్తూ ఆయన భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. ఆ నొక్కుడులో కోపమెంతో కృతజ్ఞతెంతో మెకానిక్కుకి తేలలేదు. రెండూ ఉండే ఉంటాయి. ఇంటికెళ్ళి అక్కకి తనే ముందు చెప్పుకోవాలి.

ముగ్గురూ రోడ్డెక్కారు. మావయ్య మధ్యలో, ఒక చెయ్యి బావ పట్టుకున్నాడు, ఒక చెయ్యి మెకానిక్కు. మందుల కొట్టు దాటారు, సైకిలు షాపు దాటారు. బావ మాట్లాడలేదు. ఇంత దూరం ఆయన నోరు మూసుకుని నడవడం మెకానిక్కు ఎప్పుడూ చూడలేదు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది. పోనీ ఏదైనా ఒక చిన్న కోత కోస్తే బావుండుననిపించింది.

వీధి మలుపు దగ్గర బావ ఖాళీ చెయ్యి మెల్లిగా గాలిలోకి లేచింది.

“మావయ్యా, ఆ ప్లగ్గు మామూలు ప్లగ్గనుకున్నావా? బిగుసుకుపోయి ఉంది. అంతకు ముందు ఆరుగురు పట్టుకుని లాగినా ఊడి రాలేదు. నేను ఒక్క చేత్తో...”

“పీకడానికి అంత బలముందిగా అల్లుడూ,” అన్నాడు దర్జీ మావయ్య నడక ఆపకుండానే, “తిరిగి పెట్టడానికే లేకపోయింది.”